మేక మేయని ఆకు

మా ఇంట్లో తెల్లవారుతూనే కాఫీ వాసన కన్నా ముందు నా తుమ్ములు లేస్తాయి. ఒకటీ రెండూ కాదు, పదీ పదిహేనూ. "చిరంజీవ" అనబోయిన మావారు అయిదో తుముక్కే విరమించుకుంటారు. నా సంగతి పోనీండి, తుమ్ములతో ఎవరూ చావరు. బాధల్లా మా అమ్మాయితోనే. చలికాలం వస్తే దానికి ఉబ్బసం. లెక్కల పుస్తకం మరిచిపోయినా సంచీలో ఇన్‌హేలర్ మాత్రం మరిచిపోదు.

కిందటి కార్తీకంలో అత్తగారు ఊరినుంచి ఒక తీగె తెచ్చి కుండీలో పాతారు. మేకమేయని ఆకుట! అన్నీ మేసే మేక దీన్నెందుకు వదిలేసిందో ఒక ఆకు నమిలితే తెలిసింది. నోరు మండింది, కడుపులో తిప్పింది, మధ్యాహ్నం పప్పులో ఉప్పుందో లేదో తెలియలేదు. "ఆరు రోజులు పరగడుపున నమలాలే. పిల్లకీ పెట్టు. ఆ గొట్టం అవతల పారెయ్యి" అన్నారావిడ.

పారెయ్యమనేసరికి నా గుండె ఝల్లుమంది. బి.ఏ. చదివినదాన్ని, సైన్సుకీ నాకూ ఆమడ దూరం. అయినా కూర్చుని వెతికాను. అత్తగారి మాట తీసిపారెయ్యడానికి లేదు సుమండీ! 1969లో ఢిల్లీలో శివపురి అనే డాక్టరుగారూ, తోటివారూ 110 మంది రోగులతో పరీక్ష చేశారు. కొందరికి ఇదే ఆకు, తక్కినవారికి పాలకూర, ఆరు రోజులు. ఎవరికేది అందిందో రోగులకు చెప్పలేదు. ఈ ఆకు తిన్నవాళ్ళలోనే ఎక్కువమందికి ఆయాసం తగ్గింది. కానీ నోరు మండినవాడికి తనది పాలకూర కాదని తెలిసిపోదూ? వంటింట్లో ఉండే నాకే వచ్చిందీ అనుమానం. 1979లో వేరేవాళ్ళు మళ్ళీ పరీక్షిస్తే, ఆకుకీ ఉత్తుత్తి మందుకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అలాగని పెరటి మందులన్నీ వట్టివేం కాదు. అడ్డసరంలోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ తయారయింది. అది కఫాన్ని పల్చన చేసే మందు. ఆగిపోతున్న ఊపిరిని అప్పటికప్పుడు ఆదుకునేది మాత్రం కాదు.

ఇదంతా చదివి వినిపిస్తే అత్తగారు, "మీ ఢిల్లీవాళ్ళు పత్యం సరిగా చేయించి ఉండరు" అని తేల్చేశారు.

ఆ వారంలోనే ఒక రాత్రి పిల్ల ఎగశ్వాసతో లేచి కూర్చుంది. నేను కంగారులో దీపం స్విచ్చి కూడా వెతుక్కోలేకపోతున్నాను. చీకట్లో సంచీ తడిమి, ఇన్‌హేలర్ తీసి దాని చేతికిచ్చింది ఎవరనుకున్నారు? అత్తగారే!

తెల్లవారి తీగెకి నీళ్ళు పోస్తూ, నా వంక చూడకుండానే అన్నారు: "ఇది నాకులే."