పవర్‌పేటలో దిగితే

భీమడోలు నుంచి ఏలూరు వెళ్ళేవాళ్ళలో మా రోజుల్లో రెండు తెగలుండేవి. కోర్టు పనో, కలెక్టరు ఆఫీసు పనో, ఆసుపత్రి పనో ఉన్నవాళ్ళు పాసింజరులో చివరిదాకా కూర్చుని ఏలూరు పెద్ద స్టేషనులో దిగేవారు. ఏ పనీ లేనివాళ్ళు, లేదా పని ఉన్నా దాన్ని కాస్త వాయిదా వేయదలచుకున్నవాళ్ళు, ఒక స్టేషను ముందే పవర్‌పేటలో దిగేవారు. కళాశాలలో చదివిన మూడేళ్ళూ నేను రెండో తెగకు చెందినవాణ్ణి. సీతంపేట, దెందులూరు దాటగానే తలుపు దగ్గరికి వచ్చి నిలబడేవాణ్ణి. పవర్‌పేట అన్న పేరు వింటే అక్కడేదో కరెంటు తయారవుతుందని చిన్నప్పుడు నా నమ్మకం. దిగి చూస్తే ఇళ్ళు, అరుగులు, కొట్లు, ఇడ్లీ ఆవిరి.

ఏలూరును ఎవరూ చూడడానికి వెళ్ళరు. వేంగి రాజధాని చూడాలనుకున్నవారు పెదవేగి పోతారు, దేవుణ్ణి చూడాలనుకున్నవారు మా భీమడోలులో దిగి ద్వారకా తిరుమల కొండకు పోతారు, పక్షుల్ని చూడాలనుకున్నవారు కొల్లేటి ఒడ్డున ఆటపాకకు పోతారు. గుండుగొలను దగ్గర బైపాసు ఎక్కినవారికైతే ఏలూరు అనే ఊరొకటి ఉన్నట్టే తెలియదు. కానీ కాళ్ళతో చూడవలసిన ఊళ్ళు కొన్ని ఉంటాయి. ఏలూరు అలాంటిది.

ఈ ఊరి కథంతా నీళ్ళ కథ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. గోదావరి కాలువ తూర్పునుంచీ, కృష్ణ కాలువ పడమటినుంచీ వచ్చి ఏలూరులో కలుసుకున్నాయి. రెండు మహానదుల నీళ్ళు ఒక ఊళ్ళో చేతులు కలపడం చిన్న విషయమా! రైలు ఇంకా రాని కాలంలో ధాన్యం, బెల్లం, మనుషులు అందరూ పడవల మీదే ప్రయాణం చేశారు. పడవ ఆగిన చోట మనిషికి ఆకలవుతుంది. ఆకలైన చోట పూటకూళ్ళ ఇల్లు వెలుస్తుంది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి కేంద్రమయ్యాక కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు కూడా తోడయ్యారు. వాయిదా పడ్డ మనిషికి ఆకలి మరీ ఎక్కువ.

మన సాహిత్యంలో ఊరు తిరగడం, తిండి తినడం కలిపి చెప్పిన పుస్తకం క్రీడాభిరామం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒకరోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. మధ్యలో పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకు భోజనం. ఆరువందల ఏళ్ళనాటి వినోదమైనా మన వీధి నడకలన్నిటికీ అదే తాత అనిపిస్తుంది నాకు. అందులో నాకు నచ్చేది భోజనం వర్ణన కన్నా, తిరిగేవాళ్ళు ఇద్దరు కావడం. వాళ్ళలో ఒకడు బ్రాహ్మణుడు, ఒకడు కోమటి. ఒంటరిగా తిరిగితే ఊరు కనబడుతుంది గానీ మాట్లాడదు.

నాకూ అలాంటి తోడు ఒకడుండేవాడు. 1983లో మేమిద్దరం డిగ్రీలో చేరాం. వాడిది కొల్లేటి నడుమ ఒక లంక. మా భీమడోలు చుట్టుపక్కల కూడా ఆగడాలలంక, చెట్టున్నపాడు వంటి కొల్లేటి ఊళ్ళున్నాయి గానీ వాడి ఊరు అంతకన్నా లోపలికి. తాటి దోనెలో గట్టుకు చేరి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని వచ్చేవాడు. తరగతిలో అందరూ వాణ్ణి 'లంక' అనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.

క్లాసులు లేని మధ్యాహ్నాలు మేము పేటలు కొలిచేవాళ్ళం. రామచంద్రరావుపేట, నరసింహారావుపేట, వంతెన దాటితే పాత ఊరు. తూర్పు వీధి, పడమర వీధి, దక్షిణపు వీధి. దిక్కుల పేర్లు పెట్టుకున్న ఈ వీధులకు ఏడేళ్ళకొకసారి గంగానమ్మ జాతర వస్తుంది. అమ్మవారికి ఏ వీధికి ఆ వీధి మేడ కట్టుకుంటుంది. మామూలు రోజుల్లో కూడా ఆ వీధులవాళ్ళు మాట్లాడుకునే తీరులో ఆ పోటీ వినబడేది. తమ్మిలేటి వైపు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసేవారు. ముసల్మాను సైన్యాలతో వచ్చిన పారశీక నేతగాళ్ళ సంతతి అని చెబుతారు. ఒక ఇంటి గుమ్మంలో నిలబడి, ఉన్ని దారాన్ని ముడివేసి కోసే చేతుల వేగం లెక్కపెట్టబోయి ఇద్దరం ఓడిపోయాం. కోటదిబ్బ రాళ్ళు వేంగి శిథిలాల నుంచి తెచ్చినవని ఒక ముసలాయన చెబితే లంక వెంటనే, "రాజులు పోయినా రాళ్ళకు పని పోలేదన్నమాట," అన్నాడు.

ఇంత తిరిగాక మేము చేరేది రామచంద్రరావుపేట పక్క సందులో ఒక కాఫీ హోటలు. నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు. వెనక పొట్టు పొయ్యి. రంపపు పొట్టును దట్టంగా కూరి, నడుమ బొక్క వదిలి అంటిస్తే పొగ లేకుండా సమంగా మండుతుంది. ఆ సెగ మీద పెసరట్టు తిరగెయ్యకుండానే కాలుతుందని మాస్టరు గొప్పగా చెప్పేవాడు. పెసరట్టు పిండికి పులియబెట్టే ఓపిక అక్కరలేదు. నానబెట్టిన పెసలు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర రుబ్బి అప్పటికప్పుడే పెనం మీద పోయాలి. ఆలస్యమైతే రుచి మారిపోతుంది. పైన ఉల్లిపాయ ముక్కలు, లోపల ఉప్మా, పక్కన బెల్లం తగిలించిన అల్లం పచ్చడి. కాఫీ ఒకటి తెప్పించుకుని రెండు గ్లాసుల్లో పోసుకునేవాళ్ళం. లంక ఇంటినుంచి డబ్బులందిన రోజు వాడు, నాకు అందిన రోజు నేను ఇచ్చేవాళ్ళం. ఎవరికీ అందని రోజుల్లో కోటదిబ్బ మీద కూర్చునేవాళ్ళం.

మా ఇంట్లో హోటలు అన్నది ఒక తిట్టు. అన్నం అమ్ముకోవడం పాపం, కొనుక్కోవడం అంతకన్నా పాపం అని మా నాయనమ్మ సిద్ధాంతం. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను గురజాడవారు ఎలాంటి మనుషుల మధ్య నిలబెట్టారో గుర్తు చేసుకుంటే ఆ తరానికి పూటకూటి మీదున్న చిన్నచూపు తెలుస్తుంది. తరవాత కాఫీ హోటళ్ళు వచ్చాయి. వాటిలో కూడా చాలాకాలం ఫలానావారు లోపల, ఫలానావారు బయట అన్న ఏర్పాట్లుండేవి. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు పదిహేనో అధికరణంలో బావులు, చెరువులు, కొట్లతో పాటు హోటళ్ళ మాట కూడా ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే ఆ గడప ఎంత ఎత్తుగా ఉండేదో ఊహించుకోవచ్చు. చట్టం గడప తీసేసింది. బల్ల దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్నది మాత్రం మనకు వదిలేసింది.

ఇక అసలు సంగతి. దీన్ని రాయడానికే ఇంతసేపు వీధులు తిప్పాను.

రెండో సంవత్సరంలో ఒక శనివారం మేమిద్దరం ఆ హోటల్లో కూర్చుని ఉన్నాం. పెసరట్లు అప్పుడే వచ్చాయి. గుమ్మంలో మా బాబాయి కనబడ్డాడు. కోర్టు పనిమీద వచ్చి ఉంటాడు. హోటలు గడప తొక్కని మా ఇంటి మనిషి అక్కడెందుకున్నాడన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. లంక పక్కన నేనున్నానన్నదే తట్టింది. కొల్లేటి కుర్రాడితో ఒకే కంచంలో తింటున్నానని ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో ఒక్క క్షణంలో మొత్తం కళ్ళ ముందు తిరిగింది. కాఫీ గ్లాసు తీసుకుని లేచి, గోడ పక్కన ఖాళీగా ఉన్న బల్ల దగ్గరకెళ్ళి కూర్చున్నాను. బాబాయి చూసి, "ఏరా, నువ్విక్కడా?" అంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరం హోటల్లో దొరికిపోయినవాళ్ళమే కాబట్టి ఎవరం ఎవర్నీ ఏమీ అనలేదు. కాఫీ తాగుతూ అటు చూసి, "ఎవర్రా ఆ కుర్రాడు, నీకేసి చూస్తున్నాడు?" అన్నాడు.

"తెలీదు బాబాయ్," అన్నాను.

వెళ్ళేటప్పుడు బాబాయి గల్లాపెట్టె దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు. నేను తలెత్తకుండా బయటికి వచ్చి ఆయన వెంట స్టేషను దాకా నడిచాను. సోమవారం కళాశాలలో లంక ఎప్పటిలాగే పలకరించాడు. నేనూ పలికాను. కానీ ఆ తరవాత ఆ సందులోకి మేము కలిసి వెళ్ళిన గుర్తు లేదు. పరీక్షలన్నాను, రైలు టైమన్నాను. డిగ్రీ అయింది. నాకు దూరంగా ఉద్యోగం వచ్చింది. వాడు కొల్లేటికి వెళ్ళిపోయాడు.

2006లో కొల్లేటి చేపల చెరువుల గట్లను పేల్చేస్తున్న బొమ్మలు పత్రికల్లో వచ్చాయి. 1999లో అక్కడ మూడువందల ఎనిమిది చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించారు. ఐదో కాంటూరు లోపల ఉన్న చెరువుల్ని ఆపరేషన్ కొల్లేరు పేరుతో కొట్టేశారు. సరస్సు బతకాలంటే గట్లు పోవాలన్న వాదం నాకు అర్థమైంది. బయటి పెట్టుబడిదారుల చెరువులు ఎంత పెరిగాయో కూడా విన్నాను. అయినా ఆ గట్ల మీద లుంగీ ఎగ్గట్టి నిలబడి చూస్తున్న మనుషుల్లో వాడి ముఖం వెతికాను. డెబ్బైల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి తవ్వించిన చెరువులో వాడి తండ్రికి వాటా ఉండేది. ఫోను చేద్దామనుకున్నాను. నంబరు లేదన్న సాకు నాకు అప్పటికి చాలినంత పెద్దదే.

ఉద్యోగ విరమణ అయ్యాక, పోయిన చలికాలం భీమడోలు వచ్చినప్పుడు పాత సహాధ్యాయి ఒకాయన ద్వారా ఆ సాకు కూడా పోయింది. ఫోనులో లంక గొంతు గుర్తుపట్టలేకపోయాను గానీ వాడు నన్ను గుర్తుపట్టాడు. "ఎక్కడ కలుద్దాం?" అంటే, "ఎక్కడేమిటి, పవర్‌పేట స్టేషను," అన్నాడు.

జుట్టంతా తెల్లబడింది. మోకాళ్ళు ఇద్దరికీ నొప్పులే. అయినా నడిచాం. అరుగులున్న ఇళ్ళు కొన్ని అపార్టుమెంట్లయ్యాయి. 2022లో జిల్లాను విడదీశారు కదా, ఏలూరు ఇప్పుడు ఏలూరు జిల్లాకు కేంద్రం. భీమడోలు ఇందులోకీ, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోకీ పోయాయి. "జిల్లాలు మారినా నీకూ నాకూ రైలు ఇదే," అన్నాడు లంక. ఆ సందులో హోటలు లేదు. సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. నాలుగడుగులు వేస్తే ఒక చిన్న టిఫిన్ సెంటరు కనబడింది. గ్యాసు పొయ్యి, ప్లాస్టిక్ కుర్చీలు. పెసరట్టు మాత్రం పెసరట్టే.

మొదటి ముక్క తినకముందే చెప్పేశాను. నలభై ఏళ్ళు మోసిన మాట, రెండు వాక్యాల్లో అయిపోయింది.

వాడు నవ్వాడు. "ఓస్, అదా! నువ్వు లేచిపోయావు గదా, నీ పెసరట్టు కూడా నేనే తిన్నాను. నా జేబులో రూపాయి లేదు, ఆ రోజు ఇవ్వాల్సింది నువ్వు. సర్వరు బిల్లు తెస్తే, ఆ పెద్దాయన మావాడి బాబాయండీ, ఆయనిస్తాడు అన్నాను. ఇచ్చాడు. వెళ్తూ నా కేసి చూసి, బాగా చదువుకుంటున్నారా అని కూడా అడిగాడు."

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. బాబాయి పోయి పన్నెండేళ్ళయింది. గల్లాపెట్టె దగ్గర ఎందుకంతసేపు నిలబడ్డాడో అప్పుడు తెలిసింది. నాతో స్టేషను దాకా నడిచాడు, రైల్లో పక్కనే కూర్చున్నాడు, ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంటి పెళ్ళిళ్ళకూ చావులకూ కలిశాడు. తెలీదన్నావుగా అని ఒక్కసారి కూడా అడగలేదు. నేను దాక్కున్నది ఎవరినుంచి?

"ఈసారి బిల్లు నువ్వే ఇవ్వాలి," అన్నాడు లంక, "మీ బాబాయి లేడుగా."

ఇచ్చాను. స్టేషనుకు తిరిగి వస్తుంటే వంతెన మీద ఆగి నీళ్ళు చూశాం. కొల్లేటి సంగతులు చెప్పాడు. గట్లు పోయాక వాళ్ళబ్బాయి హైదరాబాదు వెళ్ళిపోయాడట. తను మాత్రం లంక వదల్లేదు. చేపలు పడుతూనే ఉన్నాడు, పడకపోతే పక్షుల్ని చూపించడానికి వచ్చేవాళ్ళకు దోనె నడుపుతాడు. నా రైలు దూరాన కనబడ్డాక, కాలువ మీద మాట్లాడినట్టే మామూలుగా అన్నాడు:

"లేచిపోయినందుకు కాదురా. సోమవారం వచ్చి ఏదో ఒకటి అంటావనుకున్నాను."

రైలు శబ్దంలో నేనేమన్నానో నాకే వినబడలేదు. వచ్చే నెలలో వాళ్ళ లంకకు రమ్మన్నాడు. కొర్రమేను పులుసు పెడతాడట, కట్టెల పొయ్యి మీద. మా నాయనమ్మ సిద్ధాంతం ప్రకారం చేపలు తినని ఇంటివాణ్ణి నేను. పులుసు సంగతి అక్కడికెళ్ళాక చూసుకుంటాను గానీ, ఆ రోజు వాడి పక్కనే కూర్చుంటాను. టిక్కెట్టు తీసి పెట్టుకున్నాను.