వలపుమందు

హమ్మింగు పక్షి యనగా మన పెరటి మందారములపై వ్రాలు తేనెపిట్టయే యని పలువురు తలంతురు. అది సరికాదు, తేనెపిట్ట వేఱొక కుటుంబమునకు జెందినది. హమ్మింగు పక్షులు అమెరికా ఖండములందు దక్క మఱెచ్చటను లేవు. 350కి పైగా జాతులుగల యా కుటుంబములో, పెరూ దేశపు టుత్తరభాగమున, ఆండీస్ పర్వతములలో, ఉట్కుబాంబా నదీ ప్రాంతమున నివసించు నొక జాతిని గూర్చి చదువరులకు విన్నవింప దలచితిమి.

1835లో ఆండ్రూ మాథ్యూస్ అను నాతడు దీనిని జార్జి లాడిజెస్ కొఱకు సేకరించెను. ఆ లాడిజెస్ పేరిటనే శాస్త్రజ్ఞులు దీనికి లాడిజీసియా మిరాబిలిస్ అని నామకరణ మొనర్చిరి. మిరాబిలిస్ అనగా అద్భుతమైనది. ఆ పేరు తగియే యున్నది. తక్కిన హమ్మింగు పక్షులకు సాధారణముగా 10 తోకయీకలుండగా దీనికి నాలుగే. మగపక్షికి వానిలో రెండు తీగలవలె సాగి, ఒకదాని నొకటి దాటి, కొనలయందు ఊదానీలపు బిళ్ళలుగా విరియును. సుమారు 3 గ్రాముల యీ ప్రాణి ఆడపక్షి యెదుట గాలిలో నిలిచి, ఆ బిళ్ళలను ఇటునటు విసరుచు నాడును. అది మిగుల శ్రమతో గూడిన యాట. కొలది క్షణములకంటె సాగదు.

ఈ యందమే దానికి ముప్పయ్యెను. అడవులు నఱకి సేద్యము చేయుట యొక కీడు. మగపక్షి గుండె యెండబెట్టిన వలపుమందగునను నమ్మకము రెండవ కీడు. అందుకై దానిని వేటాడిరి.

ఈ సంగతి విని మా మిత్రులొకరు “ఎంత మూఢులండీ యా కొండవాండ్రు!” అని నవ్విరి. మాకు నవ్వు రాలేదు. గాడిదమాంసమున బలము గలుగునని నమ్మువారు మన యాంధ్రదేశమున లేరా? ఉడుమును జంపుట 1972 నాటి వన్యప్రాణి చట్టముచే నేరమైనను, దాని మాంసమున నడుము గట్టిపడునను మాట మన యిండ్లలో వినబడుటలేదా? కొడుకు భార్యమాట మన్నించిన “మందు పెట్టిన”దని కోడలి నాడిపోసికొను నత్తలు మనవారు కారా? అచ్చట పక్షి ప్రాణము పోయెను. ఇచ్చట నొక యాడుబిడ్డ మనశ్శాంతి పోవుచున్నది. దంపతుల నడుమ స్నేహము మందువలన బుట్టునని తలంచుటయే రెంటికిని మూలము.

2006లో పొమకోచాస్ గ్రామసమాజమువారు తమ యడవిలో గొంతభాగమును ఈ పక్షి కొఱకు గాపాడ నంగీకరించిరి. నేడు దూరదేశీయులు దానిని జూడ నచ్చటికి వచ్చుచున్నారు. చంపినదానికంటె బ్రతికిన పక్షియే తమకు మేలని యా కొండవాండ్రు గ్రహించిరి. మా మిత్రులకు ఈ మాటయు జెప్పితిమి. వారు కొంతసేపు మిన్నకుండి, “అయిన మన యిండ్లలో నెవరు చెప్పవలెను?” అనిరి. ఎవరి యింట వారే చెప్పవలెను.