340 మాటలు పోయేవే
సెలవుల్లో పెద్దోళ్ల దగ్గర కూర్చుని 340 కోయ మాటలు మా యాప్‌లో ఎక్కించాం. ఏ మాట ఏ ఊరిదో తెలియాలని మోడల్‌లో 'ఊరు' కాలమ్ కలిపాం. అంతే, తెరవగానే యాప్ మూసుకుపోతోంది. రూమ్ డేటాబేస్‌లో మోడల్ మారితే వెర్షన్ నంబర్ పెంచాలి, మైగ్రేషన్ కూడా రాయాలి. మేం రెండూ చేయలేదు.

"డిస్ట్రక్టివ్ మైగ్రేషన్ పెట్టేయండి, ఎర్రర్ పోతుంది" అన్నాడు ఓ సీనియర్ అన్న. ఎర్రర్‌తో పాటు పాత టేబుల్ కూడా పోతుంది. అందులో మాటలు చెప్పిన ఓ అవ్వ ఇప్పుడు లేదు.

ముందు ఫైల్ కాపీ తీసుకున్నాం. ఆల్టర్ టేబుల్‌తో కాలమ్ కలిపి, పాత మాటలకు ఖాళీ డిఫాల్ట్ ఇచ్చాం. యాప్ తెరుచుకుంది. లెక్కపెట్టాం, 340 ఉన్నాయి. అవ్వ మాటల పక్కన ఊరి పేరు మేమే నింపాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎర్రర్ తీసేముందు కాపీ తీయండి.