ఓడిన జట్టుతో ఒక వేసవి

గెలిచినవానికి చుట్టాలను వెదకనక్కరలేదు; వారే ఇల్లు అడుగుకొని వస్తారు. ఓడినవాని పక్కన కూర్చుండే మనిషి ఎవరన్నదే ఎల్లకాలమూ ఉన్న ప్రశ్న. ఉర్దూలో 'వఫా' అనే చిన్న మాట కలదు. విశ్వాసము, నిలకడ, మాట తప్పని స్నేహము, ఈ మూడింటినీ కలిపి చెప్పే మాట అది. ఈ కళాశాలలో చదువుకొన్న రోజులలో ఉర్దూ తరగతివారమూ, తెలుగు తరగతివారమూ ఆ మాటను విరివిగా వాడేవారము. దాని బరువు మాత్రము 2014 వేసవిలో, ఇంగ్లండులోని లెస్టరు నగరంలో, ఒక క్రికెట్టు మైదానపు బల్లమీద కూర్చున్నప్పుడు గాని మాకు తెలియలేదు.

మేమనగా ముగ్గురము. ఇక్కడ పట్టము పుచ్చుకొని, 2013 చివర ఒక ఏడాది చదువుకై లెస్టరు చేరినవారము. ఇద్దరిది ఉర్దూ మాట్లాడే ఇల్లు, ఒకరిది తెలుగు ఇల్లు. క్రికెట్టు పిచ్చి ముగ్గురిదీ.

హైదరాబాదువారికి ఇంగ్లండు కౌంటీలు కొత్తవి కావు. మన నగరంలో పుట్టి, హైదరాబాదు జట్టుకు రంజీ పోటీలలో ఆడి, 1961లో పాకిస్తాన్ వెళ్ళిపోయిన ఆసిఫ్ ఇక్బాల్ తరువాత కెంట్ కౌంటీకి సారథి అయ్యాడు. 1977లో ఆయన సారథ్యంలోనే కెంట్ జట్టు మిడిల్‌సెక్స్‌తో కలసి ఛాంపియన్‌షిప్‌ను పంచుకొన్నది. అబ్బాస్ అలీ బేగ్ సామర్‌సెట్‌కు ఆడాడు. అజహరుద్దీన్ 1991లోనూ, 1994లోనూ డెర్బీషైర్‌కు ఆడాడు. ఈ పేర్లు పెద్దల నోట వింటూ పెరిగిన మాకు కౌంటీ క్రికెట్టు అనగానే పచ్చిక, ఎండ, తెల్లని దుస్తులు, గొప్ప ఆట కనుల ముందు మెదిలేవి. 2014 ఏప్రిల్‌లో గ్రేస్ రోడ్ మైదానంలో అడుగుపెట్టినప్పుడు పచ్చిక ఉన్నది, తెల్లని దుస్తులూ ఉన్నవి. ఎండ లేదు. ఆట సంగతి మెల్లగా తెలిసింది.

లెస్టర్‌షైర్ చరిత్ర లేని జట్టు కాదు. రే ఇల్లింగ్‌వర్త్ సారథ్యంలో 1975లో తొలిసారి ఛాంపియన్ అయింది. 1996లో, మరల 1998లో ఆ గౌరవమును పొందింది. ఇరవై ఓవర్ల పోటీని 2004, 2006, 2011 సంవత్సరాలలో గెలిచింది. అయితే చిన్న కౌంటీకి ఒక శాపము కలదు. తాను నీరు పోసి పెంచిన మొక్క కాపుకు వచ్చే వేళకు ధనవంతులైన పొరుగువారి తోటకు పోతుంది. స్టూవర్ట్ బ్రాడ్ ఇక్కడ మొదలుపెట్టి నాటింగ్‌హామ్‌షైర్‌కు వెళ్ళాడు. జేమ్స్ టేలర్ కూడా 2011 తరువాత అదే దారి పట్టాడు. మేము వెళ్ళేసరికి ఆ జట్టు 2012 సెప్టెంబరు తరువాత ఒక్క ఛాంపియన్‌షిప్ ఆట కూడా గెలవలేదు. 2013 అంతా గెలుపు లేకుండానే గడచి, పట్టికలో అట్టడుగున ముగిసింది.

మైదానంలో చూచేవారు కొద్దిమందే, ఎక్కువమంది వృద్ధులు. ఒడిలో దుప్పటి, పక్కన టీ ఫ్లాస్కు, చేతిలో స్కోరు పుస్తకము. వారిలో ఒక పెద్దమనిషి మాకు పొరుగు అయ్యాడు. మేము ఆయనను 'సార్' అని పిలిచేవారము. అలా పిలవవద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పినా మా నోటికి మరొక మాట రాలేదు. తన తండ్రి చేయి పట్టుకొని ఆ మైదానానికి వచ్చిన నాటినుండి ఆయన అక్కడే కూర్చుంటున్నాడు.

మొదటి ఆటలోనే మేము విసుగు చెందాము. బ్యాటు పట్టినవారిలో పలువురు మా వయసువారే. ఒకడు నిలదొక్కుకొంటున్నాడనుకోగానే రెండవ కొసన ముగ్గురు పోయేవారు. బౌలర్ల స్థితి మరీ కష్టము. వేగంగా బంతి వేసే కుర్రవాని నడుము ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. బంతి వదలే క్షణంలో ఒళ్ళు ఒకవైపు వంగి మెలితిరిగి, ముందుకాలు నేలను తన్నుతుంది. దినమంతా అదే పని చేస్తే ఎముకలో సన్నని చీలిక వస్తుంది. దానికి మందు విశ్రాంతి ఒక్కటే; అదియు నెలల తరబడి. పెద్ద కౌంటీకి ఒకడు పడితే మరొకడు సిద్ధంగా ఉంటాడు. చిన్న కౌంటీలో మిగిలినవానిపై బరువు రెండింతలై వాడూ పడతాడు. పెవిలియన్ మెట్లమీద మోకాలికి మంచుగడ్డ కట్టుకొని కూర్చున్న ఒక యువకుడు తన బదులు ఆడుతున్నవాని ప్రతి బంతికి పెదవులు కదుపుతూ ఉండడం మాకు ఇప్పటికీ గుర్తున్నది.

"ఇక్కడ మీరు చూడటానికి ఏమున్నది?" అని ఒకనాడు ఆ పెద్దమనిషిని అడిగాము. ఆయన తన స్కోరు పుస్తకం తిప్పి చూపాడు. అప్పటి నిబంధనల ప్రకారము మొదటి ఇన్నింగ్స్‌లో 110 ఓవర్ల లోపల 200 పరుగులు చేస్తే ఒక పాయింటు, అటుపై ప్రతి 50 పరుగులకు మరొకటి, మొత్తము అయిదు. 3, 6, 9 వికెట్లు పడగొట్టినప్పుడు ఒక్కొక్క పాయింటు. గెలుపునకు 16. ఆ 16 దక్కనివారికి ఈ చిల్లరయే సంపాదన. ఆ పిమ్మట మేమూ లెక్క పెట్టుకోసాగాము. తొమ్మిదవ వికెట్టు జోడీ 196 వద్ద ఉన్నప్పుడు ఆ నాలుగు పరుగులకై మేము పిడికిళ్ళు బిగించిన తీరు చూస్తే ప్రపంచకప్పు అంతిమపోటీ అనుకొందురు. గెలుపు చూడబోయినవారము ఆట చూడడం నేర్చుకొన్నాము.

ఇందులో మా సొంత బాధ కూడా కలసి ఉన్నది. ఇక్కడ ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులమైన మేము అక్కడి తొలి పరీక్షలలో ఒక్కొక్క విషయంలో తప్పాము. ఆ సంగతి ఇంటికి చెప్పలేదు. మాలో ఒకడు చదువు విడిచి తిరిగిపోదామని పెట్టె కూడా సర్దుకొన్నాడు. ఆ దినములలో, పదే పదే అవుటై, మరుసటి వారం మరల ప్యాడ్లు కట్టుకొని మెట్లు దిగివచ్చే మా ఈడు కుర్రవానిని చూచుట మాకు వినోదము మాత్రమే కాదు.

జూన్ 26న భారత జట్టు పర్యటనలో తొలి ఆట గ్రేస్ రోడ్‌లోనే మొదలైంది. లెస్టరులో మన దేశము నుండి వెళ్ళినవారు ఎక్కువ గనుక ఎన్నడూ లేనంత జనము, జెండాలు, డోలు. మేము అలవాటు చొప్పున మా పాత బల్ల వద్దకే పోయాము. మన ఆటగాళ్ళను కళ్ళారా చూచి మురిసిపోయాము. లెస్టరు కుర్రవాడు మన బౌలరును బౌండరీకి కొట్టినప్పుడు మాత్రము చేతులు వాటంతట అవే చప్పట్లు కొట్టినవి. ముందు వరుసవారు వెనుకకు తిరిగి, మీరు ఎవరి పక్షమని చూపులతోనే అడిగారు. సమాధానము చెప్పడం కష్టము. ఒక గుండెలో ఇద్దరికి చోటు ఉండవచ్చునని, ఒకరిపై ప్రేమ రెండవవారికి ద్రోహము కాదని, ఈ కళాశాలలో చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఆట డ్రా అయింది. తరువాతి ఛాంపియన్‌షిప్ ఆటకు జెండాలు లేవు. దుప్పట్లు, ఫ్లాస్కులు మాత్రమే మిగిలినవి.

వెంటనే రంజాన్ వచ్చింది. ఇంగ్లండు జూలైలో రోజా 18 గంటలు దాటుతుంది. ఇఫ్తారుకు రాత్రి తొమ్మిదిన్నర. మాలో ఇద్దరము ఉపవాసమని తెలిసిన నాడు పెద్దమనిషి తన ఫ్లాస్కు తీసుకొని పది బల్లలు దూరంగా పోయి టీ త్రాగి వచ్చాడు. అంత అవసరము లేదని చెప్పాము. "మీరు ఓర్చుకొంటుంటే నేను పది అడుగులు నడవలేనా?" అన్నాడు.

ఆయనే ఒక వర్షపు మధ్యాహ్నము నార్తాంప్టన్‌షైర్ కథ చెప్పాడు. 1935 మే నుండి 1939 మే దాకా ఆ జట్టు 99 ఛాంపియన్‌షిప్ ఆటలలో గెలుపు ఎరుగదు. 1936లో వారి మేటి బ్యాట్స్‌మన్ ఫ్రెడ్ బేక్‌వెల్, ఆ ఏటి ఛాంపియన్ డెర్బీషైర్‌పై చెస్టర్‌ఫీల్డ్‌లో 241 పరుగులు చేసి అవుటు కాకుండా నిలిచాడు. ఆట ముగిసి ఇంటికి వస్తుండగా కారు ప్రమాదము. తోటి ఆటగాడు నార్త్‌వే మరణించాడు. బేక్‌వెల్ కుడిచేయి విరిగింది. ఆయన మరల కౌంటీ క్రికెట్టు ఆడలేదు. అంతటి దెబ్బ తిన్న జట్టు 1939 మేలో, డెన్నిస్ బ్రూక్స్ 187 పరుగులు చేయగా, ఒక ఇన్నింగ్స్ 193 పరుగుల తేడాతో గెలిచింది. "ఓడినది ఎవరో తెలుసునా?" అని అడిగి, ఆయనే నవ్వి, "మేమే" అన్నాడు. నాటి విజేతల సారథి రాబర్ట్ నెల్సన్ మరుసటి ఏడాదే, 1940లో, యుద్ధపు బాంబుదాడిలో మరణించాడు. ఆ ఒక్క గెలుపునకు ఆయన నోచుకొన్నాడు గదా అని పెద్దమనిషి చాలాసేపు మాటాడలేదు.

ఇంతవరకు వ్రాసినది చదివి పాఠకులు మమ్ములను గొప్ప విశ్వాసులుగా భావించవచ్చును. నిజము చెప్పవలెను. ఆగస్టు మధ్య నుండి మేము వెళ్ళడం మానుకొన్నాము. వ్యాసము పూర్తి చేయవలెనని ఒకరికొకరు చెప్పుకొన్నాము. పని ఉన్న మాట వాస్తవమే. కాని టీవీలో ఫుట్‌బాల్ చూచుటకు మాకు తీరిక దొరికింది. ఓటమి చూచి చూచి అలసిపోయాము, అంతే. ఆ ఏడు 16 ఆటలలో ఒక్క గెలుపూ లేకుండానే ముగిసింది. సెప్టెంబరు చివర పెద్దమనిషి కూరగాయల సంతలో కనిపించాడు. ఎందుకు రాలేదని అడగలేదు. "చివరి ఆటలో ఆ కుర్రవాడు చక్కగా బంతి వేశాడు. మీరుంటే సంతోషించేవారు" అన్నాడు. తిట్టినా అంత నొప్పి కలిగేది కాదు.

మేము ముగ్గురమూ ఉత్తీర్ణులమయ్యాము. పెట్టె సర్దుకొన్నవాడు కూడా. 2015లో స్వదేశము చేరాము. ఆ జూన్‌లో ఫోనులో వార్త చూచాము. చెల్మ్స్‌ఫర్డ్‌లో ఎసెక్స్‌పై లెస్టర్‌షైర్ గెలిచింది! రెండున్నర ఏండ్లు దాటిన నిరీక్షణ తీరింది. ఆనందించే హక్కు మాకు సగమే ఉన్నదని తోచినా ఆపుకోలేక పెద్దమనిషికి ఉత్తరము వ్రాశాము; ఆగస్టు సంగతి కూడా ఒప్పుకొన్నాము. నెల తరువాత జవాబు వచ్చింది. తానూ చెల్మ్స్‌ఫర్డ్ వెళ్ళలేదట. తోటలో చిక్కుడు తీగలకు కర్రలు పాతుతూ రేడియోలో విన్నాడట. అన్ని ఏండ్లు కూర్చున్నవానికే ఆ గెలుపు కంటికి దక్కలేదు. అయినా ఉత్తరంలో ఫిర్యాదు లేదు. తరువాతి ఆట తేదీ మాత్రము ఉన్నది.

ఆ ఏడు కూడా ఆ జట్టు అట్టడుగుననే ముగించింది. కాలక్రమాన 2023లో ఒకదిన పోటీ అంతిమ ఆటలో హాంప్‌షైర్‌పై 2 పరుగుల తేడాతో కప్పు గెలిచింది. 2025లో రెండవ శ్రేణి ఛాంపియనై మొదటి శ్రేణికి ఎక్కింది. ఆ సంబరంలో ఎందరో చుట్టాలు వచ్చి ఉంటారు. వారిని తప్పుపట్టము, మేమూ వారిలోని వారమే.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాల జట్టు అంతర కళాశాల పోటీలలో తొలి ఆటలోనే ఓడి తిరిగివచ్చిన ఏండ్లు మాకు గుర్తున్నవి. ఆనాడు మేము క్యాంటీనులో కూర్చొని వారిని ఎగతాళి చేశామే గాని ఒక్కరోజు మైదానానికి పోలేదు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒకటే. జట్టుకు బ్యాట్లు, ప్యాడ్లు ఇచ్చేటప్పుడు వెంట పదిమంది విద్యార్థులు వెళ్ళుటకు బస్సు ఛార్జీలు కూడా దయచేయండి. ఓడి మెట్లెక్కి వచ్చే కుర్రవానికి ఎదురుగా ఒక తెలిసిన ముఖము ఉండవలెను.