శబ్దం తీసేసి చూస్తే

దక్షిణ వేల్స్‌లో ఒకప్పటి బొగ్గు గనుల లోయ మాది. గనులు మూతపడి తరం దాటింది కానీ వాటి దుమ్ము పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది. ఇక్కడ జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, పేషెంట్లను చూస్తూనే, జీపీలు కాబోయే డాక్టర్లకీ మెడికల్ విద్యార్థులకీ పని నేర్పుతాను. ఈ లోయలకి మనవాళ్లు కొత్త కాదు. 1960లు, 70లలో స్థానిక డాక్టర్లు రావడానికి ఇష్టపడని ఊళ్లలో భారత ఉపఖండం నుంచి వచ్చినవాళ్లే ఎన్నో ప్రాక్టీసులు నిలబెట్టారు. ఆ తరంవాళ్ల గురించి ఇక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ సొంతమనుషుల్లా చెప్పుకుంటారు.

జీపీ శిక్షణ మూడేళ్లు. కొంతకాలం ఆస్పత్రుల్లో, మిగతాది మాలాంటి ప్రాక్టీసుల్లో. మొదట్లో ఒక్కో పేషెంటుకి అరగంట ఇస్తాం. అది ఇరవై నిమిషాలకి, పదిహేనుకి, చివరికి పది నిమిషాల దగ్గరికి వస్తుంది. పూట ముగిశాక కూర్చుని ఆ రోజు కేసులన్నీ మాట్లాడుకుంటాం. డీబ్రీఫ్ అంటారు దాన్ని. నా దృష్టిలో అసలు చదువు జరిగేది అక్కడే.

ఆస్పత్రి వార్డు దాకా వచ్చిన తలనొప్పిని అప్పటికే ఎవరో జల్లెడ పట్టి పంపి ఉంటారు. మా దగ్గరికి వచ్చే తలనొప్పిని ఎవరూ జల్లెడ పట్టలేదు. అందరికీ స్కాన్ రాస్తే, ఏ హానీ చేయని మచ్చలేవో బయటపడి లేని భయం పుట్టుకొస్తుంది. రాయకపోతే ఏ ఒక్కరినో వదిలేశామేమోనని డాక్టరుకి నిద్ర పట్టదు. ఆ రెంటి మధ్యా నిలబడటం నేర్పాలి. 'రెండు వారాల తర్వాత మళ్లీ చూస్తాను' అనడం కూడా ఒక పరీక్షేనని కొత్తవాళ్లకి నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది. అలా ముందుజాగ్రత్త చెప్పి పంపడాన్ని సేఫ్టీ నెట్టింగ్ అంటారు. దాని గురించి రోజర్ నైబర్ 1987లో 'ది ఇన్నర్ కన్సల్టేషన్' అనే పుస్తకంలో రాశారు. నేను అనుకున్న జబ్బు కాకపోతే ఏం కనిపిస్తుంది, అప్పుడు పేషెంటు ఏం చేయాలి, ఎంత త్వరగా చేయాలి? ఈ మూడూ విడమరిచి చెప్పాలి. 'తగ్గకపోతే రండి' అని ఊరుకుంటే చాలదు. నలభై దాటి, ఎప్పుడో ఒకప్పుడు పొగ తాగిన మనిషికి కారణం తెలియని దగ్గు ఉంటే రెండు వారాల్లోపు ఛాతీ ఎక్స్‌రే తీయించాలని ఇక్కడి మార్గదర్శకాలు చెబుతాయి. మా లోయలో ఆ వర్ణనకి అతకని ఇల్లు తక్కువ.

మన దగ్గర చదివి వచ్చినవాళ్ల చేతుల్లో గొప్ప నైపుణ్యం ఉంటుంది. ప్లీహం వాపుని, గుండె చప్పుళ్లలో తేడాని యంత్రం లేకుండా పట్టేస్తారు. టీబీని, టైఫాయిడ్‌ని కళ్లారా చూసి ఉంటారు. అది పోగొట్టుకోవద్దని పదేపదే చెబుతాను. కష్టమల్లా ఇంకో చోట. ఆంధ్ర నుంచి వచ్చిన ఒక అమ్మాయిని మొదటి డీబ్రీఫ్‌లో, "ఈ కేసులో ఏది బాగా చేశాననిపించిందమ్మా?" అని అడిగాను. తల దించుకుని, "తప్పెక్కడ జరిగింది మేడమ్?" అంది. మంచం చుట్టూ నిలబెట్టి, పేషెంటు వింటుండగానే చెడామడా తిట్టే చదువులోంచి నేనూ వచ్చాను. ఆ భయంలో మనిషి జవాబులు వెతుక్కుంటాడు తప్ప ఎదుటివాళ్ల మొహం చూడడు. డీబ్రీఫ్‌లో మేం వాడే పెండిల్టన్ పద్ధతిలో ముందు నేర్చుకునేవాళ్లు తాము బాగా చేసింది చెప్పాలి, ఆ తర్వాతే మెరుగుపరచాల్సినవి. మొహమాటానికి పెట్టిన నియమం కాదది. నా దగ్గర బెదిరిపోయిన డాక్టరు పక్క గదిలో పేషెంటుని బెదరకుండా కూర్చోబెట్టలేదు.

పేషెంటు రాతపూర్వకంగా ఒప్పుకుంటే కన్సల్టేషన్‌ని వీడియో తీస్తాం. దాన్ని మొదటిసారి శబ్దం తీసేసి చూడమంటాను. ఆ అమ్మాయి వీడియోలో యాభై దాటిన ఒకావిడ భుజం నొప్పితో వచ్చింది. (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.) పరీక్ష చేయడం, మందు రాయడం, వ్యాయామాలు చూపించడం అన్నీ మా అమ్మాయి శుభ్రంగా చేసింది. శబ్దం లేకుండా రెండుసార్లు చూసినా ఏమీ కనిపించలేదంది. మూడోసారి తనే ఆపింది. డాక్టరు కంప్యూటరు వైపు తిరగబోయే ముందు ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కాగితం సగం బయటికి తీసింది. డాక్టరు తిరగగానే మళ్లీ లోపల పెట్టేసింది. "అదేంటో నేను అడగలేదు మేడమ్" అంది. మధ్యాహ్నమే తను ఆవిడకి ఫోన్ చేసింది. పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ ఉత్తరం అది. ఈ వయసువాళ్లకి రెండేళ్లకోసారి ఇంటికి కిట్ వస్తుంది. ఆవిడకి కొన్ని నెలలుగా మలంలో రక్తం కంటికే కనిపిస్తోంది. కిట్ విప్పడానికీ భయం, చెప్పడానికీ భయం. కొలనోస్కోపీలో పాలిప్స్ కనిపిస్తే తీసేశారు.

జీపీ శిక్షణ చివర్లో ఇవ్వాల్సిన పరీక్షని 2023 నవంబరు నుంచి తెర మీదే పెడుతున్నారు. పన్నెండు కేసులు, ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు. పేషెంట్లుగా నటించేవాళ్లతో మాట్లాడాలి. ఇలాంటి పరీక్షల్లో విదేశాల్లో చదివి వచ్చినవాళ్లు ఇక్కడ చదివినవాళ్లకంటే ఎక్కువగా తప్పడం పాత గాయం. భారతీయ సంతతి వైద్యుల సంఘం బాపియో కోర్టుకెళితే, 2014లో అప్పటి పరీక్ష చట్టబద్ధమేనని తీర్పు వచ్చింది. సంఘానిది నైతిక విజయమని మాత్రం న్యాయమూర్తి అన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో వైద్యజ్ఞానం కొరవడినవాళ్లు అరుదు. ఈ ఊళ్లో మనుషులు బాధని ఎలా దాచుకుంటారో వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే మొదటి వారంలో పేషెంట్ల జాబితా ఇవ్వను. ఒక పూట రిసెప్షన్‌లో ఫోన్ల దగ్గర, ఒక పూట మందుల షాపు కౌంటరు వెనక, ఇంకో పూట ఇళ్లకెళ్లి కట్లు మార్చే డిస్ట్రిక్ట్ నర్సు కారులో కూర్చోబెడతాను.

దక్షిణ వేల్స్ లోయల్లోనే గ్లిన్‌కోరుగ్ అనే గనుల ఊరుంది. అక్కడ జూలియన్ ట్యూడర్ హార్ట్ ఊళ్లో పెద్దవాళ్లందరి రక్తపోటూ కొలిచి, రాసిపెట్టుకుని, దశాబ్దాల పాటు వైద్యం చేశారు. మంచి వైద్యం అవసరమున్న చోటే తక్కువగా దొరుకుతుందని 1971లో లాన్సెట్‌లో రాసిందీ ఆయనే. ఆ మాట ఇప్పటికీ మా నియామకాల్లో కనిపిస్తుంది. శిక్షణ అయ్యాక చాలామంది కార్డిఫ్‌కో, లండన్‌కో, ఆస్ట్రేలియాకో వెళతారు. పిల్లల బళ్లు, భర్త ఉద్యోగం, వీసా లెక్కలు నాకూ తెలుసు, ఎవరినీ తప్పుపట్టను. కానీ ఆగస్టులో కొత్త బ్యాచ్ రాగానే ఒక సాయంత్రం అందరినీ కారెక్కించి గ్లిన్‌కోరుగ్ తీసుకెళతాను. భుజం నొప్పి కేసు చూసిన అమ్మాయి ఇక్కడే ఉండిపోయింది. ఈసారి రెండో కారు తనే నడుపుతానంది.