వింటిమీది మక్కువ

గడచిన కాలపు వస్తువులయెడ మనుష్యునకు గల మమకారము వింతయైనది. తిరుగలి త్రిప్పిన యిల్లాలు తిరుగలిని పొగడదు. దానిని త్రిప్ప నక్కరలేని మనుమరాలు పొగడును. ఈ మమకారము దోషమని నేననను. పెద్దల చేతిపనియందలి నేర్పును గుర్తించుట మంచిదే. కాని యా మక్కువ దేనిని జ్ఞప్తియందుంచుకొనుచున్నది, దేనిని మఱచుచున్నది యని ఒక్కసారి యడిగి చూడవలసియున్నది. ఇందుకు దృష్టాంతముగా అమెరికా దేశపు విలుకాండ్ర కథను చదువరుల ముందుంచుచున్నాను.

నేను జన్మమున విల్లు పట్టినవాడను గాను. సంస్కృతమును ఆంగ్లమును బోధించి జీవించు ఉపాధ్యాయుడను. నాకు విల్లనగా గాండీవము, శార్ఙ్గము మొదలగు పేర్లే. శాక్స్టన్ పోపు అను శస్త్రవైద్యుడు 1923లో ప్రకటించిన 'హంటింగ్ విత్ ది బో అండ్ ఆరో' అను గ్రంథమును చదివిన పిమ్మటనే విల్లు ఒక కొయ్యయనియు, ఆ కొయ్యకొక స్వభావము కలదనియు నాకు తెలిసినది. యూ అను వృక్షపు బెరడుక్రింది తెల్లని పొర సాగుటకు ఓర్చును. లోపలి యెఱ్ఱని చేవ నొక్కుడునకు ఓర్చును. తెల్లని పొర వింటివీపున, చేవ విలుకానివైపున నుండునట్లు చెక్కినచో ప్రకృతియే రెండు కొయ్యలను అతికి యిచ్చినట్లగును. దేవదారుజాతి కఱ్ఱతో అమ్ములు, సీమకోడి యీకలతో వాని ఱెక్కలు, మైనము పట్టించిన నారపోగులతో అల్లెత్రాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రమునందు తాటికొయ్య, వెదురు, కొయ్య, కొమ్ము అని వింటికి నాలుగు ద్రవ్యములను, మూర్వ, జిల్లేడు, జనుము, స్నాయువు మొదలగువానిని నారికిని చెప్పియున్నాడు. ఆ పట్టికను ఎన్నడో చదివితిని గాని, దానివెనుక చేతులున్నవని తోచలేదు.

అమెరికాలో ఈ పాతవిండ్లను ప్రాణముగా చూచుకొనువారు పెక్కుమంది కలరు. మారిస్ థాంసన్ 1878లో 'ది విచరీ ఆఫ్ ఆర్చరీ' అను పుస్తకము వ్రాసి యా దేశమున విలువిద్యపై మోజు పుట్టించెను; మఱుసటి యేటనే జాతీయ విలువిద్యా సంఘము స్థాపింపబడి ఆయనయే మొదటి యధ్యక్షుడయ్యెను. పోపును, ఆయన చెలికాడు ఆర్థర్ యంగును ఆ విద్యను మరల అడవికి తీసికొనిపోయిరి. యంగు వేటల చలనచిత్రమును 1927లో చూచి విలువేటగాడైన ఫ్రెడ్ బేరు, 1938 నాటి 'రాబిన్ హుడ్' చిత్రమున తెరవెనుకనుండి బాణములు వేసిన హోవర్డు హిల్లు, వీరందఱును ఆ సంప్రదాయమున పురాణపురుషులు. హోలిస్ ఆలెన్ అనునతడు వింటికొనలకు కప్పీలమర్చి, నారిని నిండుగ లాగినపుడు చేతిపై భారము తగ్గునట్లు చేసిన కాంపౌండు వింటికి 1969లో పేటెంటు పొందెను. అంతవఱకు విల్లు విల్లే. అటుతరువాతనే దానికి 'సంప్రదాయపు విల్లు' అను బిరుదము వచ్చినది. తిరుగలి సంగతియే యిచ్చటను.

ఇంతవఱకు కథ మనోహరముగనే యున్నది. కాని పోపునకు ఈ విద్యయందు ఆసక్తి యెవరివలన కలిగెను? సమాధాన మాయన గ్రంథముననే యున్నది. ఆయన గురువు ఇషీ.

కాలిఫోర్నియాలో బంగారము బయల్పడిన పిమ్మట వచ్చి పడిన తెల్లవారు 1860 ప్రాంతముల యాహీ అను చిన్న తెగను ఇంచుమించు నిర్మూలము గావించిరి. మిగిలిన కొలదిమంది నలువదేండ్లు కొండకనుమలలో అడుగుజాడ కనబడనీయక దాగి బ్రదికిరి. 1908లో భూమి కొలుచువారు వారి గుడిసెలను కనుగొని, కంబళ్లలో చుట్టబడియున్న యొక కదలలేని ముసలిదానిని అచ్చటనే విడిచి, చేతికందిన వస్తువులను మాత్రము తీసికొనిపోయిరి. ఆమె ఇషీ తల్లియని తలపబడుచున్నది. పాతవస్తువులపై మక్కువయనగా ఒక్కొక్కప్పుడు ఇట్టిది కూడ! 1911 ఆగస్టులో ఓరోవిల్ పట్టణముకడ, ఒక పశువధశాలయొద్ద, ఆకటిచే కృశించిన యొంటరివాడు కానబడెను. విశ్వవిద్యాలయపు పండితులు అతనిని శాన్ ఫ్రాన్సిస్కోలోని తమ వస్తుప్రదర్శనశాలకు కొనిపోయిరి. అతడు తన పేరు ఎన్నడును చెప్పలేదు. 'ఇషీ' యనగా వారి భాషలో 'మనుష్యుడు' అని యర్థము. క్రోబర్ అను పండితుడు పెట్టిన పిలుపది.

ప్రదర్శనశాల ప్రక్కనున్న వైద్యవిద్యాలయమున పోపు పనిచేయుచుండెను. రోగిని చూడవచ్చిన వైద్యుడు శిష్యుడయ్యెను. ఇషీ జునిపెరు కొయ్యను పలుచగ చెక్కి, లేడికాలి నరములను నమిలి మెత్తపఱచి, చేపతోలు ఉడికించిన జిగురుతో వింటివీపున అతికించుట ఆయన చూచెను. గాజువంటి నల్లరాతిని కొంచెము కొంచెముగ పెచ్చులు లేపి ములికి చేయుట చూచెను. పెదవులకు వ్రేళ్లానించి కుందేటిపిల్ల మొఱపెట్టినట్లు కూయగా కుందేళ్లు దరికి వచ్చుట చూచెను. ఆ శిల్పమునంతయు 1918లో 'యాహీ ఆర్చరీ' అను పేర వ్రాసియుంచెను. తరువాత పోపు పట్టినది ఇంగ్లీషువారి పొడుగువిల్లే యైనను, నిప్పు రాజుకొన్నది ఇషీ కొలిమినుండియే.

ఇంకొక విశేషము. ఇంగ్లీషువారు నారిని మూడువ్రేళ్లతో లాగుదురు. ఇషీ బొటనవ్రేలితో లాగెడివాడు. నడిమివ్రేలి కొనను బొటనవ్రేలి గోటిపై నానించి బలము చేర్చుకొనెడివాడు. ఇది చదివినపుడు నా మనస్సు తటాలున ఏకలవ్యునిపైకి పోయెను. బొటనవ్రేలు పోయిన పిమ్మట అతడు తక్కినవ్రేళ్లతో బాణములు వేసెననియు, మునుపటి వేగము లేకపోయెననియు భారతము చెప్పుచున్నది. ఆ కథ చెప్పినప్పుడెల్ల మా పిల్లలు అడుగు ప్రశ్న యొక్కటే: "నేర్పనివానికి దక్షిణ యేల, మాస్టారూ?" గురుభక్తియని చెప్పి తప్పించుకొనవచ్చును, కాని వారి ముఖములు ఒప్పుకొనవు.

ఇషీ కథలో పాత్రలు తాఱుమాఱైనవి. ఇచ్చట అడవివాడు గురువు, నాగరికుడు శిష్యుడు. ఈ గురువు ఎవరి వ్రేలినీ అడుగలేదు. మఱి దక్షిణగా నేమి లభించెను? 1916 మార్చి 25వ తేదీన ఇషీ క్షయరోగముచే మరణించెను. శవమును కోయుట అతనికి సమ్మతము కాదని పండితులెఱుగుదురు. న్యూయార్కులోనున్న క్రోబర్ కోయవలదని ఘాటుగ జాబు వ్రాసెను. అది చేరునప్పటికే పని ముగిసెను. పోపు అతని వింటిని, అయిదు బాణములను శవముతో నుంచి దహనము చేయించెను. అదే పోపు శవపరీక్షా వివరములను తన చేతనే 1920లో అచ్చువేయించెను. మెదడు మాత్రము దహనము కాలేదు. వలదని జాబు వ్రాసిన క్రోబరే దానిని స్మిత్సోనియన్ సంస్థకు పంపించెను. ఎనుబదియేండ్లకు పైగా అది అచ్చటనుండి, 2000లో ఆతని జ్ఞాతులైన యిండియనుల చేతికి వచ్చెను. 2021లో బర్కిలీ విశ్వవిద్యాలయము తన భవనమునుండి క్రోబర్ పేరును తొలగించెను.

పోపు క్రూరుడని నా తాత్పర్యము కాదు. ఆయన ప్రేమ నిజమైనది. ఆయన వ్రాసియుంచకున్న ఆ శిల్పములో ఎంతయో ఇషీతోనే నశించియుండును. ప్రేమ యుండియు మనుష్యుని వస్తువుగా చూచుట సాధ్యమని యెఱుగుటయే ఇందలి కష్టమైన పాఠము. 1961లో స్థాపింపబడిన విలువేటగాండ్ర సంఘమునకు పోపు, యంగుల పేర్లు పెట్టిరి. ఆ సంఘమువారు అసాధారణమైన వేటమృగమునకు ఇచ్చు ఘనమైన బహుమానమునకు ఇషీ పేరు పెట్టిరి. ఆకలికై వేటాడినవాని పేరు కొమ్ముల కొలతకు గుర్తయ్యెను! గౌరవింపవలెననియే వారు తలచిరి, సందేహము లేదు. కాని గౌరవించునప్పుడు కూడ, ఆ మనుష్యుడు ఎట్లు బ్రదికెనో అడుగుట మఱచిరి.

దూరదేశపు తప్పులెన్నుట సులభము. మన యిండ్లలోను ఇట్టి మక్కువలకు కొదువలేదు. గురుకులములను తలచి నిట్టూర్తుము. అందు ప్రవేశములేనివారిని తలపము. పూర్వపు నేతచీరను బీరువాలో భద్రపఱతుము. నేసినవాని బిడ్డలకు బడి యుండెనా యని అడుగము. పాతదానిని పాఱవేయుమని నేను చెప్పను. పాతవిల్లు అందమైనది, దానిని చెక్క నేర్చినచేయి ధన్యమైనది. అయితే వింటిని గోడకు తగిలించునప్పుడు, దానిని లాగిన బొటనవ్రేలు ఎవరిదో, ఆ చేతికేమి జరిగెనో పిల్లలకు చెప్పుట మన విధి. ఆ మాట చెప్పగలిగిననాడు మన మమకారము స్మృతి యనిపించుకొనును. చెప్పలేనినాడు, గుడిసెలో ముసలిదానిని విడిచి కంబళ్లు మోసికొనిపోయినవారి పనికిని దానికిని భేదమేమి?