నియాన్ వెలుగులో మూడు ముళ్లు

లాస్ వెగాస్‌లో ఆరిపోయిన దీపాలకీ ఓ మ్యూజియం ఉంది. మూతబడ్డ హోటళ్లు, కేసినోల నియాన్ బోర్డులు ఆరుబయట బారులు తీరి ఉంటాయి. కొన్ని బాగుచేసి వెలిగించారు, కొన్ని తుప్పుతోనే ఉన్నాయి. ఆ జాగాని 'బోన్‌యార్డ్' అంటారు. ఎముకల దొడ్డి అన్నమాట. (ఈ ముక్క అక్కకి చెప్పలేదు!)

అక్క కూతురు పెళ్లి చేసుకుంటానన్నది అక్కడే. "పాత ఇనప సామాన్ల మధ్య పెళ్లేంటే?" అంది అక్క విజయవాడ నుంచి. అమెరికాలో ఉన్న పిన్నిని కదా, చూసొచ్చే పని నా మీద పడింది.

లోపలికి వెళ్లే లాబీయే ఓ వింత. 1961 నాటి లా కాంచా మోటెల్‌ది, గవ్వలా వంపులు తిరిగి ఉంటుంది. కూల్చేయబోతుంటే 8 ముక్కలుగా కోసి తెచ్చి ఇక్కడ అతికించారు. డిజైన్ చేసింది పాల్ విలియమ్స్ అనే నల్లజాతి ఆర్కిటెక్ట్.

పిల్ల నన్ను తిన్నగా 'మౌలిన్ రూజ్' బోర్డు దగ్గరికి తీసుకెళ్లింది. 1955లో తెరిచిన ఆ హోటల్, నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ కలిపి రానిచ్చిన ఈ ఊరి మొదటి కేసినో. "మేం నిలబడేది ఇక్కడే పిన్నీ" అంది. పక్కనున్న కుర్రాడూ నల్లజాతివాడే. అక్క గొడవ ఇనుము గురించి కాదని మా ముగ్గురికీ తెలుసు.

లైసెన్సు తేలికే. ఇద్దరూ గుర్తింపు కార్డులతో వెళ్తే కౌంటీ ఆఫీసులో అప్పటికప్పుడే ఇస్తారు, అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. ఎడారి ఎండకి భయపడి ముహూర్తం నవంబర్ సాయంత్రానికి జరిపాం.

చీకటి పడ్డాక ఆ బోర్డు ముందు ఇద్దరి ఫొటో తీసి అక్కకి పంపాను. రెండ్రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు మెసేజ్: "అబ్బాయి వాళ్లమ్మకి ఏ రంగు చీర కొనమంటావ్?"